కొర్రీలకు జవాబు రాసే మేడమ్

ఎవరి పీహెచ్‌డీ థీసిస్ తెరిచినా నేను ముందు చూసేది కృతజ్ఞతల పేజీ. థీసిస్‌లన్నీ ఆన్‌లైన్‌లో దాచే శోధ్‌గంగలో ఏదో రెఫరెన్స్ కోసం పీడీఎఫ్ దించుకుంటాను, కళ్ళు మాత్రం ముందు అక్కడికే పోతాయి. ఆ పేజీకి ఒక వరస ఉంటుంది. మొదట గైడ్. తర్వాత హెడ్, డీన్, లైబ్రరీ వాళ్ళు. అమ్మానాన్న, పెళ్ళయితే అత్తమామలు, "ఎంతో ఓపిక పట్టిన" భర్త లేదా భార్య, ఇంకా మాటలు రాని పాప. హాస్టల్ స్నేహితులు. థీసిస్ టైప్ చేసిపెట్టిన డీటీపీ సెంటర్ ఆయన. వీళ్ళందరి మధ్య ఎక్కడో "బోధనేతర సిబ్బందికి కూడా" అని ఒక ముక్క.

ఆ ముక్కలో ఉండే ఒక మనిషి గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మొన్న నెలాఖరున ఆవిడ రిటైరయ్యారు కాబట్టి ఇప్పుడు రాయొచ్చు. సర్వీసులో ఉండగా రాస్తే ఊరుకునేవారు కాదు. ఇప్పుడైనా షరతు పెట్టారు. "నా పేరు రాయొద్దు, యూనివర్సిటీ పేరు రాయొద్దు. రాసినవంటే ఎక్కడెక్కడి పిల్లలో ఫోన్ చేస్తరు. ఇప్పుడు నా దగ్గర సీలు కూడా లేదు." అందుకని మేమందరం పిలిచినట్టే సెక్షన్ మేడమ్ అని రాస్తాను. ఊరు హైదరాబాద్ అని చెప్తే చాలు.

నేను 2016 చివర్లో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీకి చేరాను. చేనేత సహకార సంఘాల అప్పులు, వసూళ్ళు నా టాపిక్. పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషిని నేనే. జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్ష రాసి తెచ్చుకునే యూజీసీ ఫెలోషిప్) వచ్చింది కాబట్టి చేరగలిగాను, లేకపోతే ఏ ప్రైవేటు స్కూల్లోనో టీచరుగా ఉండేదాన్ని. అప్పుడు జేఆర్‌ఎఫ్ నెలకు 25,000. మా నాన్న దాన్ని జీతం అనుకుని, "అమ్మాయికి యూనివర్సిటీల నౌకరీ అయ్యింది" అని ఊరంతా చెప్పుకున్నాడు. నేనూ సరిదిద్దలేదు.

పీహెచ్‌డీ అంటే చదవడం, రాయడం అనుకుని వస్తాం. అది సగమే, మిగతా సగం కాగితాలు. జాయినింగ్ రిపోర్ట్, కోర్స్‌వర్క్, ఆరు నెలలకోసారి మన పని ఎంతవరకు వచ్చిందో చూసే ఆర్‌ఏసీ (రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ) మీటింగు, ఫెలోషిప్ కోసం ప్రతి నెలా కొనసాగుతున్నట్టు ధ్రువీకరణ, హాస్టల్లో లేకపోతే ఇంటద్దె భత్యానికి ఒక సర్టిఫికెట్, కంటింజెన్సీ బిల్లులు, రెండేళ్ళు నిండగానే జేఆర్‌ఎఫ్ నుంచి దాని పై మెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్‌కి మారడానికి కమిటీ, చివర్లో ప్రీ సబ్మిషన్ సెమినార్, ప్లేజియరిజం రిపోర్ట్, నో డ్యూస్. ఇవేవీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. సీనియర్లు చెప్పింది వింటాం. వాళ్ళు విన్నది తప్పయితే మనకీ అదే తప్పు వస్తుంది. గైడ్లకు వీటిలో సగం తెలియదు, తెలిసిన సగం వాళ్ళ పీహెచ్‌డీ నాటి రూల్స్.

మేడమ్ పీహెచ్‌డీ సెక్షన్‌కి సూపరింటెండెంట్. అడ్మినిస్ట్రేటివ్ బిల్డింగ్ ఫస్ట్ ఫ్లోర్‌లో ఆ సెక్షన్. నాలుగు టేబుళ్ళు, గోడల పొడవునా ఇనుప ర్యాకులు, ర్యాకుల్లో ట్యాగులు కట్టిన ఫైళ్ళు. ఆవిడ నాన్నగారు అదే యూనివర్సిటీలో పనిచేస్తూ పోయారట. కారుణ్య నియామకం కింద ఈవిడ టైపిస్టుగా చేరారు. టైపు లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యానని ఇప్పటికీ కొంచెం గొప్పగా చెప్తారు. డిగ్రీ ఉద్యోగంలో చేరాక దూరవిద్యలో చేశారు. సర్వీసులో ఎక్కువ భాగం ఒకే సెక్షన్‌లో గడిచింది. బదిలీ అయినా ఏడాది తిరక్కుండా మళ్ళీ తీసుకొచ్చేవారట, ఆ ఫైళ్ళు ఇంకెవరికీ దొరకవని.

నేను జాయినింగ్ రిపోర్ట్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆవిడ అడిగిన మొదటి మాట "టెన్త్ మెమో ఏది?"

పీహెచ్‌డీకి టెన్త్ మెమో ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే "చూపియ్యి ముందు" అన్నారు. ఆధార్, పాస్‌బుక్, డిగ్రీ పట్టా, నెట్ సర్టిఫికెట్ అన్నీ తీసి టేబుల్ మీద వరసగా పెట్టించారు. మా ఇంటిపేరు కాస్త పొడవు. టెన్త్ మెమోలో అది పూర్తిగా, పేరుకు ముందు ఉంది. డిగ్రీలో పొడి అక్షరం అయ్యింది. ఆధార్‌లో పేరు తర్వాతికి వెళ్ళింది, స్పెల్లింగులో ఒక అక్షరం కూడా మారింది. పాస్‌బుక్‌లో అసలు ఇంటిపేరే లేదు. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులం.

తెలుగువాళ్ళలో ఈ బాధ లేని ఇల్లు ఉండదేమో. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడిగినప్పుడల్లా ఇంటిపేరు ఎటు పెట్టాలో తెలియక ఒక్కోసారి ఒక్కోవైపు పెడతాం. ఆఫీసులో కూర్చున్న మనిషికి అది మొదటి రోజే పట్టాలని ఎక్కడా రూలు లేదు. ఆవిడకి పట్టింది. ఫెలోషిప్ డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలో పడుతుంది కాబట్టి పేరు కలవకపోతే ఆగిపోతుంది. ఆగిందని తెలిసేసరికి నెలలు గడుస్తాయి. అదైనా సర్దుకోవచ్చు గానీ, పీహెచ్‌డీ పట్టా మీద పేరు రిజిస్ట్రేషన్‌లో ఎలా ఉంటే అలా వస్తుంది. "ఇప్పుడు వారం పోతే పోయింది బిడ్డా. పట్టా మీద తప్పు పడ్డదంటే బతుకంతా అఫిడవిట్లే" అన్నారు.

ఏది ముందు దిద్దుకోవాలో కూడా చెప్పారు. టెన్త్ మెమో చూపించి ముందు ఆధార్, ఆ ఆధార్ చూపించి బ్యాంకు, రెండూ అయ్యాకే రిజిస్ట్రేషన్ ఫారం. తలకిందులుగా వెళ్తే ప్రతి చోటా వెనక్కి పంపుతారట. నాకు చిరాకేసింది. ఎండలో మీ సేవ చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరుగుతూ, రీసెర్చ్ చేయడానికి వచ్చానా దీనికి వచ్చానా అనుకున్నాను. మరో చోట చేరిన నా క్లాస్‌మేట్‌కి ఇలా అడిగేవాళ్ళు లేరు. పేరు కలవక ఫెలోషిప్ ఆగి, వాడు నెలల తరబడి అప్పు మీద బతికాడు. నాకు మాత్రం ఆగలేదు.

ఫెలోషిప్ పోర్టల్లో యూనివర్సిటీకి రెండు లాగిన్‌లు ఉంటాయి, మేకర్, చెకర్ అని. మేకర్ ప్రతి నెలా ఒక్కొక్క స్కాలర్ పేరు ఎదురుగా ఈ మనిషి కొనసాగుతున్నారు, ఇంటద్దె ఇంత అని ఎక్కించాలి. చెకర్ దాన్ని సరిచూసి ఆమోదించాలి. ఆ తర్వాతే డబ్బు కదులుతుంది. మాకు మేకర్ మేడమే. ఆవిడ ఎక్కించాలంటే డిపార్ట్‌మెంట్ నుంచి హాజరు కాగితం రావాలి. హెడ్ సెమినార్‌కి వెళ్తే ఆ కాగితం రాదు. నెల చివరి వారంలో మేడమ్ డిపార్ట్‌మెంట్లకు ఫోన్లు చేస్తుంటే సెక్షన్ బయట వరండాలో నిలబడ్డా వినిపించేది. "సార్, మీ పిల్లలు ఎనిమిది మంది. సంతకం పెట్టకపోతే ఎనిమిది మంది రూం కిరాయి ఆగుతది" అని ప్రొఫెసర్‌తో అనగల మనిషి నాకు ఆ క్యాంపస్‌లో ఇంకొకరు కనపడలేదు.

ఇక ఆవిడ లాంగ్‌నోట్ బుక్. అట్ట వేసి, మీద ఏమీ రాయని పుస్తకం. అందులో ఒక్కో స్కాలర్‌కి ఒక్కో పేజీ. రిజిస్ట్రేషన్ తేదీ, కోర్స్‌వర్క్ ఫలితం, ఆర్‌ఏసీలు జరిగిన తేదీలు, ఎస్‌ఆర్‌ఎఫ్‌కి మారాల్సిన తేదీ, గడువు ముగిసే తేదీ ఎర్ర ఇంకుతో. యూనివర్సిటీ ఇచ్చిన రిజిస్టర్ వేరే ఉంది, ఇది ఆవిడ సొంతం. ఎస్‌ఆర్‌ఎఫ్‌కి మారాలంటే గైడ్, హెడ్, బయటి నిపుణుడు ఒకరు కలిసి కూర్చుని పని బాగుందని రాయాలి. బయటి మనిషి తేదీ దొరకడమే కష్టం. రెండేళ్ళు నిండాక తిరగడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది. అందుకని మేడమ్ ముందే ఫోన్ చేసేవారు. "బిడ్డా, నీ రెండేళ్ళు డిసెంబర్‌ల అయిపోతయి. బయటి నిపుణుడు ఎవరో మీ సార్‌ని అడిగినవా?" నాకు ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను కొయ్యలగూడెంలో ఒక సంఘం ఆఫీసులో కూర్చుని పాత లెడ్జర్లు తిరగేస్తున్నాను. నాకే గుర్తులేని తేదీ ఆవిడకి గుర్తుంది. కమిటీ సమయానికి అయ్యింది. ఆ తర్వాత నెలలోనే, 2019 జనవరి నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్ 28,000 నుంచి 35,000 అయ్యింది కాబట్టి, ఆ ఫోన్ విలువ రూపాయల్లో కూడా కట్టగలను.

ఆ లెడ్జర్ల విషయంలోనూ ఆవిడ చెయ్యి ఉంది. సంఘాల పాత లెక్కలు చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (ఖాతాలవారీ లెక్క) పద్ధతిలో ఉండేవి. నేను ఎమ్మేలో ఎకనామెట్రిక్స్ చదివానే గానీ ఆవర్జాలో ఒక మనిషి ఖాతా ఏ పేజీ నుంచి ఏ పేజీకి దూకుతుందో నాకు తెలియదు. ఏదో మాటల్లో ఇది చెప్తే, లంచ్ టైంలో జిరాక్సులు తెమ్మన్నారు. వాళ్ళ పెదనాన్న ఒక సంఘంలో గుమాస్తాగా చేశారట. టిఫిన్ డబ్బా పక్కకు జరిపి, జమ ఎటు, ఖర్చు ఎటు, పేజీ మూలన రాసే అంకె ఏమిటో చూపించారు. నా థీసిస్ మూడో అధ్యాయంలో ఉన్న పట్టికలన్నీ ఆ మధ్యాహ్నాల తర్వాతే కుదిరాయి.

అసలు చెప్పాలనుకున్నది కొర్రీల సంగతి.

యూనివర్సిటీలో ఏ పని కావాలన్నా ఒక ఫైలు లేస్తుంది. అసిస్టెంట్ నోట్ రాస్తాడు, సూపరింటెండెంట్ చూసి పైకి పంపిస్తారు. అసిస్టెంట్ రిజిస్ట్రార్, డిప్యూటీ రిజిస్ట్రార్, డీన్, రిజిస్ట్రార్ ఒక్కొక్కరూ సంతకం పెట్టాలి. మధ్యలో ఎవరికైనా అనుమానం వస్తే "నిబంధనల ప్రకారం వీలున్నదీ లేనిదీ పరిశీలించి తిరిగి సమర్పించవలెను" అని రాసి కిందికి పంపేస్తారు. అదే కొర్రీ. దానికి జవాబు రాయాల్సింది సెక్షన్. జవాబు రాయాలంటే రూలు వెతకాలి, పాత ఫైళ్ళు తీయాలి, రెండు పేరాలు ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాయాలి. అంత ఓపిక లేకపోతే సుళువైన దారి ఒకటుంది, స్టూడెంట్‌ని పిలిచి "కాదంట" అని చెప్పేయడం. ఆ మాటతో స్టూడెంట్ తిరగడం మానేస్తాడు, ఫైలు ర్యాకులోకి వెళ్ళిపోతుంది.

నిజానికి పై అధికారి కాదనలేదు, అడిగారంతే. ఆ తేడా మాలాంటి వాళ్ళకు తెలియదు. కొర్రీని తిరస్కారంగా మార్చే అధికారం కాగితం మీద ఏ అసిస్టెంట్‌కీ లేదు, కానీ ఎన్ని ఆఫీసుల్లో ఎందరి పనులు ఆ "కాదంట" దగ్గర ఆగిపోయాయో లెక్క ఎవరు తీస్తారు? మేడమ్ సర్వీసులో నేను చూసినంతవరకు ఆ మాట వాడలేదు. కొర్రీ పడితే "అడిగిండ్రు, జవాబు రాద్దాం" అనేవారు.

కెమిస్ట్రీలో నా జూనియర్ ఒకమ్మాయి ఉండేది, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చింది. పీహెచ్‌డీ మధ్యలో పెళ్ళి, ఆ తర్వాత కడుపుతో ఉంది. ల్యాబులో సాల్వెంట్ల మధ్య నిలబడటం మంచిది కాదని డాక్టర్ అన్నారు. ఇంట్లో "ఇక చాలు" అన్నారు. మానేస్తానని లెటర్ రాసుకుని సెక్షన్‌కి వచ్చింది. మేడమ్ ఆ లెటర్ ఇన్వార్డ్‌లో (వచ్చిన కాగితాలకు నంబర్ వేసే రిజిస్టర్‌లో) తీసుకోలేదు. కుర్చీ చూపించి కూర్చోమని, బీరువాలోంచి పీహెచ్‌డీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2016 రెగ్యులేషన్స్ గెజిట్ కాపీ తీశారు. పీహెచ్‌డీ కాలంలో మహిళా అభ్యర్థులకు ప్రసూతి సెలవు లేదా పిల్లల సంరక్షణ సెలవు ఒకసారి 240 రోజుల వరకు ఇవ్వవచ్చని అందులో ఉంది. ఆ లైను కింద పెన్సిల్ గీత ఎప్పటినుంచో ఉంది. అడిగేవాళ్ళు రాక ఆవిడే ఎదురుచూస్తున్నట్టుంది.

మానేస్తానన్న లెటర్ బదులు సెలవు కోరుతూ అప్లికేషన్ రాయించారు, రాసిపెట్టలేదు. "నువ్వే రాయి, నేను దిద్దుతా. రేపు కాలేజీల నీ పిల్లలకు నువ్వే చెప్పాలె" అనేవారు ఎవరితోనైనా. త్రూ ప్రాపర్ ఛానల్ అని పైన, గైడ్ ఫార్వర్డింగ్ కింద. ఫైలు వెళ్ళింది. వారం తిరక్కుండా కొర్రీ పడింది: స్కాలర్లు ఉద్యోగులు కారు కదా, ప్రసూతి సెలవు ఎలా వర్తిస్తుంది? మేడమ్ గెజిట్ కాపీకి ఫ్లాగ్ పెట్టి జవాబు రాశారు. నిబంధనలో ఉన్నది "మహిళా అభ్యర్థులు" అని, "ఉద్యోగులు" అని లేదని. ఫైలు మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఈసారి, గతంలో ఎవరికైనా ఇచ్చారా, ఆ ఫైలు జతచేయండి.

ఈ రెండో కొర్రీ దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు. ముందు ఇచ్చిన ఉదాహరణ లేకపోతే ఆఫీసుల్లో కొత్త పని కాదు, కొత్త పని కాకపోతే ఉదాహరణ పుట్టదు. మేడమ్ రికార్డు రూముకి వెళ్ళి వెతికారు. ఏమీ దొరకలేదు. అప్పుడు ఆవిడ రాసిన నోట్ నేను చూశాను, ఆ అమ్మాయే చూపించింది. పొడుగ్గా లేదు. గతంలో ఎవరూ కోరలేదు కనుక ఉదాహరణ లేదు, నిబంధన స్పష్టంగా ఉన్నప్పుడు ఉదాహరణ అవసరం లేదు, ఇకముందు వచ్చే దరఖాస్తులకు దీన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు అని మూడు వాక్యాలు. సంతకాలు పడ్డాయి. ఆ అమ్మాయి సెలవు తర్వాత వచ్చి పని పూర్తిచేసింది, ఇప్పుడు ఒక ఫార్మా కంపెనీలో ఉంది. ఆ ఫైలు నంబర్ లాంగ్‌నోట్ బుక్ వెనక అట్ట లోపల రాసుకున్నారు మేడమ్. నాకు తెలిసి ఆ తర్వాత ఇంకో ముగ్గురికి అది పనికొచ్చింది. వాళ్ళకు కొర్రీ పడలేదు.

మంచి మనిషి అనగానే మెత్తని మనిషి అనుకుంటారు. మేడమ్ నోరు మంచిది కాదు. అప్లికేషన్‌లో తేదీ వేయకపోతే అందరి ముందూ కడిగేసేవారు. మగపిల్లలకు ఆవిడంటే కొంచెం కోపం ఉండేది, ఆడపిల్లల పనులు ముందు చేస్తారని. అది పూర్తిగా అబద్ధమని నేను చెప్పలేను. ప్రతి కాగితం మూడు సెట్లు జిరాక్స్ అడిగేవారు. రెండోది ఎందుకో నాకు తెలుసు, మూడోది ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఈమెయిల్ పంపితే చూసేవారు కాదు. సాయంత్రం ఐదు దాటగానే బ్యాగు భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయేవారు. ఎదురుగా వీసీ పేషీ నుంచి వచ్చిన మనిషి నిలబడినా "రేపు పదిన్నరకు" అనేవారు. మాలో కొందరు దాన్ని తప్పుపట్టేవాళ్ళు. నాకైతే అది బాగా నచ్చేది. ఉన్నంతసేపు పని చేసే మనిషి సమయానికి ఇంటికి వెళ్తే తప్పేమిటి?

తీసుకోవడం మాత్రం అస్సలు లేదు. ఆ బిల్డింగ్‌లో మిగతాచోట్ల చాయ్‌కి ఇచ్చుకునే అలవాటు ఉందని అందరికీ తెలిసిందే, దాని గురించి నేను కొత్తగా రాసేది లేదు. మేడమ్ రూలు ఏమిటంటే వైవా (థీసిస్ మీద జరిగే చివరి మౌఖిక పరీక్ష) అయ్యేదాకా స్వీట్ కూడా ముట్టరు. వైవా అయ్యాక తెస్తే సెక్షన్ మొత్తానికి సరిపోయేంత తేవాలి. మా అమ్మ సంక్రాంతికి సకినాలు చేసి డబ్బా పంపితే అది తిరిగి నాతోనే హాస్టల్‌కి వచ్చింది. అమ్మ నొచ్చుకుంది. వైవా అయ్యాక అమ్మే స్వయంగా మళ్ళీ చేసి పంపింది, అప్పుడు తీసుకున్నారు. ఎన్ని తిన్నారో తెలియదు గానీ కారం ఎక్కువైందని కబురు మాత్రం వచ్చింది.

కరోనా సంవత్సరాలు నా చివరి సంవత్సరాలు. ఫీల్డ్ ఆగింది, లైబ్రరీ మూసేశారు, హాస్టల్ ఖాళీ చేయించారు. 2020లో యూజీసీ థీసిస్ సబ్మిషన్‌కి ఆరు నెలలు గడువు పెంచింది. అది చాలదని 2021 జూన్ 30 వరకు, ఆ తర్వాత 2021 డిసెంబర్ 31 వరకు పెంచింది. వాట్సాప్ గ్రూపుల్లో ఈ లెటర్లు తిరుగుతుంటే అందరం ఊపిరి పీల్చుకున్నాం. మేడమ్ మాత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి లెటర్లో చివరి లైను చదవమన్నారు. గడువు పెరిగింది గానీ ఫెలోషిప్ కాలం పెరగలేదు, అది ఐదేళ్ళే. "డిసెంబర్ దాకా టైముందని కూసోకు బిడ్డా. నీకు పైసలు అంతకు ముందే బందైతయి. రూం కిరాయి ఎట్ల కడతవో ఇప్పుడే చూసుకో." ఆ మాటతోనే నేను ఊరికి వెళ్ళిపోయి, మా ఇంటి డాబా మీది గదిలో కూర్చుని చివరి రెండు అధ్యాయాలు రాశాను. 2021లోనే సబ్మిట్ చేశాను. వైవా ఆన్‌లైన్‌లో జరిగింది. మా నాన్న పక్క గదిలో కూర్చుని తలుపు సందులోంచి విన్నాడు. ఎగ్జామినర్ ఏదో అడిగి నవ్వితే గొడవ జరుగుతోందనుకున్నాడట.

2022 నవంబర్‌లో కొత్త రెగ్యులేషన్స్ వచ్చినప్పుడు నేను క్యాంపస్‌లో లేను. ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం వెళ్ళిన స్నేహితురాలు నోటీస్ బోర్డు ఫోటో పంపింది. మేడమ్ ఆ గెజిట్ మొత్తం చదివి తెలుగులో రెండు పేజీలు చేత్తో రాసి అంటించారు. పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. రీ రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్ళు. మహిళలకు, 40 శాతం దాటిన వైకల్యం ఉన్నవాళ్ళకు దానిమీద మరో రెండేళ్ళు, మొత్తం పదేళ్ళు మించకుండా. థీసిస్‌కి ముందు పేపర్ పబ్లిష్ చేసి తీరాలన్న షరతు యూజీసీ తీసేసింది. ఎంఫిల్ ఇక లేదు. కింద ఎర్ర ఇంకుతో "ఇది నా అవగాహన మాత్రమే. అసలు గెజిట్ సెక్షన్‌లో ఉంది, వచ్చి చదువుకోండి" అని రాశారు. చదువుకోండి అన్న మాట కింద రెండు గీతలు. ఎంతమంది వెళ్ళి చదివారో తెలియదు. ఆ ఫోటో మాత్రం వేరే యూనివర్సిటీల గ్రూపుల్లో కూడా తిరిగింది.

ఇప్పుడు నేను ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. మా కాలేజీ అడ్మిషన్ల సీజన్‌లో పిల్లల ఫారాలు నా టేబుల్ మీదికి వస్తే ముందు టెన్త్ మెమో అడుగుతాను. పిల్లలు నన్ను చూసి మొహం చిట్లిస్తారు.

మేడమ్ వీడ్కోలు సభకి పాతవాళ్ళం చాలామందిమి వెళ్ళాం. శాలువాలు, దండలు, మైకులో పెద్దల మాటలు. ఆవిడకి మైకు ఇస్తే "ఆర్‌ఏసీ మినిట్స్ ఇంకా ఇవ్వని డిపార్ట్‌మెంట్లు దయచేసి ఇయ్యండి" అని చెప్పి కూర్చున్నారు. అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు. లాంగ్‌నోట్ బుక్ కొత్తగా వచ్చిన ఔట్‌సోర్సింగ్ కుర్రాడికి అప్పగించారు. అతను దాన్ని కంప్యూటర్లో ఎక్సెల్ చేస్తానన్నాడట. "చెయ్యి, కానీ పుస్తకం పారేయకు" అన్నారట. అతని జీతం మేడమ్ జీతంలో ఎన్నో వంతో నాకు తెలియదు, పని మాత్రం అంతే ఉంటుంది.

ఈ పోస్టు వేసేముందు మేడమ్‌కి వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులు బ్లూ టిక్కు కూడా రాలేదు. మూడో రోజు ఫోన్ చేసి "రెండు కొర్రీలు" అన్నారు.

మొదటిది ప్రసూతి సెలవు గురించి. "ఆ పిల్ల కథ బాగ రాసినవ్. కానీ చదివిన పిల్లలు రూలు ఉంది కదా అని నేరుగా ఇంటికి పోతరు. ముందు అప్లికేషన్ ఇవ్వాలె, గైడ్ ఫార్వర్డ్ చేయాలె, డాక్టర్ కాగితం పెట్టాలె, ఇన్వార్డ్ నంబర్ వేయించుకుని ఒక జిరాక్స్ దగ్గర పెట్టుకోవాలె. గైడ్ సంతకం పెట్టకుంటే హెడ్ దగ్గరికి పోవాలె, నోటి మాటగా కాదు, కాగితం మీద." రాశాను మేడమ్.

రెండోది చాచా గురించి. ఆయన మీద వేరే పోస్టు రాద్దామనుకున్నాను గానీ, ఇందులోనే ఉండాలన్నారు. చాచా ఆ సెక్షన్ ఆఫీస్ సబార్డినేట్, అంటే అటెండర్. కొర్రీకి ఎంత మంచి జవాబు రాసినా ఫైలును చేతిలో పట్టుకుని పేషీలో నిలబడేది ఆయన. ఏ సారు ఏ టైంలో సంతకాలు పెడతారో, ఏ రోజు పెట్టరో ఆయనకే తెలుసు. ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. నా జిరాక్సుల్లో నిజాం కాలం నాటి పేజీలు కొన్ని ఉర్దూలో ఉంటే, అంకెలు, ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివి చెప్పింది ఆయనే. మేడమ్ టేబుల్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చదివేవారు, నేను రాసుకునేదాన్ని. చాచా ఇంకా సర్వీసులోనే ఉన్నారు. పని ఉన్నవాళ్ళు పదిన్నరకే వెళ్ళండి, పదకొండు దాటితే ఫైళ్ళతో రిజిస్ట్రార్ పేషీలో ఉంటారు.